ముక్కున్న మారాజులు

ఢిల్లీ వైన్ టేస్టింగుల్లో రసజ్ఞుల ముక్కే ముక్కు! బోర్డో గ్లాసులో తడి మట్టి, నాసిక్ గ్లాసులో జామపండు ఇట్టే పసిగట్టేస్తారు. నవంబరు పొగలో సొంత వంటింట్లో పప్పు మాడినా తెలియని ముక్కులవి మరి. వైన్‌కే కాదు, తాగేవాడి వయసుకూ ఇక్కడ ప్రాంతభేదం ఉంది. గురుగ్రామ్‌లో 21 ఏళ్లకే రసజ్ఞుడైన కుర్రాడు మెట్రో ఎక్కి ఢిల్లీలో దిగితే, 25 నిండేదాకా పసివాడే! ఇక దేశసేవ అంటారా, 2021 బడ్జెట్ విదేశీ వైన్‌పై ఉన్న 150 శాతం సుంకాన్ని విడగొట్టి, అందులో 100 శాతాన్ని వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు చేసింది. అంటే ఫ్రెంచి సీసా బిరడా ఊడినప్పుడల్లా మన రైతుకు మేలన్నమాట. ఇంకో గ్లాసు పోయండి బాబూ, ఊళ్లో గోదాము కట్టాలి!