బోర్బన్ రసికులకు బెళగల్ సన్మానపత్రం

జిహ్వాసార్వభౌమా, ఘ్రాణచక్రవర్తీ, ఓక్ పీపాల అంతరంగమెరిగిన మహానుభావా!

డల్లాస్ మహానగరంలో స్థిరపడినా కన్నఊరిని మరవక, ఏటా సంక్రాంతికి సి.బెళగల్‌కు వేంచేసి, మిద్దె మీద మంచం వేయించుకుని, తుంగభద్ర మీదుగా వచ్చే చలిగాలిలో అర్ధరాత్రి దాకా గుటకకొక తీర్పు వెలువరిస్తూ, మేమెన్నడూ ఎరగని రుచులను మేమడగనంత విపులంగా వర్ణించి మా అజ్ఞానాన్ని మాకు తెలియజేస్తున్న తమకు గ్రామస్థులందరి తరఫున ఈ సన్మానపత్రం సమర్పించుకుంటున్నాం. ఆల్కహాలు 40 శాతానికి తక్కువైనదేదీ సీసాకెక్కే అర్హత లేనిదని తమ శాస్త్రం. మా పొగడ్త ఆ మట్టానికి అందకపోతే పెద్దమనసుతో మన్నించాలి.

బోర్బన్ అనిపించుకోవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలనీ, లోపలివైపు మంటతో కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే దాన్ని నిలవ వేయాలనీ, పీపాలోకి పోసేటప్పుడు ఆల్కహాలు 62.5 శాతం దాటరాదనీ, రంగు గానీ రుచి గానీ బయటినుంచి చుక్క కూడా కలపరాదనీ, 1964లో అమెరికా కాంగ్రెసు దాన్ని తమ దేశానికే సొంతమైన సరుకుగా తీర్మానించిందనీ తమరు ఊపిరి తిప్పుకోకుండా వల్లిస్తుంటే, విన్న చెవులదే భాగ్యం. తాతగారి పొలం సర్వే నంబరు, కౌలుదారు పేరు, మేనత్త ఊరు వంటి అల్పవిషయాలకు చోటివ్వకుండా ఆ మేధను అంత శుభ్రంగా కాపాడుకున్న నిష్ఠ ఎందరికబ్బుతుంది!

ఇక ఆ నాసిక. గ్లెన్‌కెయిర్న్ అనే ఆ పొట్టి గ్లాసును, కింద బొజ్జ, పైన సన్నటి మూతి ఉన్నదాన్ని, తమరు మూడు వేళ్లతో అడుగున పట్టి, లైటుకు అడ్డం పెట్టి, ఒక్కసారి తిప్పి, గోడల మీద జారే తెరలను చూసి తల పంకించి, నోరు కాస్త తెరిచి ముక్కును అంచుకు ఆనించే ఆ ఘడియలో వీధి కుక్కలు కూడా మొరగడం మానేస్తాయి. ఒక చుక్క నీరు రాలుస్తారు. మళ్లీ వాసన చూస్తారు. వెనీలా అంటారు. మాడిన చక్కెర, పాత తోలు, ఎండిన చెర్రీ, వర్షానికి తడిసిన చెక్క అంటారు. చిట్టచివర కళ్లు మూసుకుని, వేయించిన మొక్కజొన్న అంటారు. ఆ మాటకు తమ కంట నీరు తిరగడం మేం స్వయంగా చూశాం. ఆ ఉదయమే ఎమ్మిగనూరు రోడ్డు మీద మా వాళ్లు ఆరబోసుకున్న మొక్కజొన్న మీదుగా తమ కారు సాగిపోయింది. దుమ్ము పడదని తమరు అద్దం దించలేదు, హారను మాత్రం కొట్టారు. గింజను గింజగా గుర్తించడం ఏ పామరుడైనా చేస్తాడు. అది ఉడికి, పులిసి, ఆవిరై, పీపాలో పన్నెండేళ్లు పవళించి, సముద్రాలు దాటి సీసాలో తిరిగొచ్చాక గానీ దాని పరిమళాన్ని అంగీకరించని ఆ స్థితప్రజ్ఞత తమకే చెల్లింది.

నీటి విషయంలోనూ తమ దూరదృష్టి అసామాన్యం. కెంటకీ నేలలోని సున్నపురాయి నీటిలోని ఇనుమును వడగడుతుందనీ, బోర్బన్ నునుపుదనానికి ఆ నీరే తల్లివేరనీ తమరు చెప్పగా విన్నాం. పాత కర్నూలు జిల్లాలో బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు సున్నపురాయి పొరలు పొరలుగా ఉంది. ఆ శిలల వరసకు భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు పేరే పెట్టుకున్నారు. ఇంత దగ్గరి రాయి మీద చూపు పారేసుకోకుండా తమరు దృష్టిని సూటిగా ఎనిమిది వేల మైళ్ల అవతలే నిలిపారు. నిలవ ఉన్నదాని వయసు నాలుక చివర చెప్పగలిగిన తమకు, గుండ్రేవుల దగ్గర తుంగభద్ర మీద కట్టాల్సిన జలాశయం కాగితాల మీద ఎన్నేళ్లుగా నిలవ ఉందో అడిగి మేమే తప్పు చేశాం. "దాని ఫినిష్ ఎలా ఉంటుందో చూడాలి" అని తమరు చమత్కరించారు. ఆ చమత్కారంతో ఆ ఎండాకాలమంతా గొంతు తడుపుకున్నాం.

పీపాలోంచి ఏటేటా కొంత ఆవిరైపోతుందనీ, దాన్ని దేవదూతల వాటా అంటారనీ, ఆ వాటా పోనిదే మిగిలినదానికి చిక్కదనం రాదనీ తమరు ఎంతో ఔదార్యంతో సెలవిచ్చారు. కంటికి కనబడని దేవదూతలకు అంత సులువుగా వదిలేసే చెయ్యి, చెల్లెలి వాటా దగ్గర మాత్రం బిగువుగా నిలబడింది. ఆడపిల్లకూ కొడుకుతో సమంగా వాటా అంటూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. ఆ చెల్లెలి సంతకం కోసం తమరు పట్టుచీరతో వెళ్లి, కాఫీ తాగి, సంతకంతో తిరిగొచ్చారు. పంచితే పలచనవుతుందని ఎరిగిన రసజ్ఞులు.

తమ మితపానం గురించి చెప్పకపోతే అపచారం. పాపీ వాన్ వింకిల్ అనే అపురూపమైన సీసా తమ బీరువాలో, తాళం వెనక, నాన్నగారి ఫొటో పక్కనే కొలువుంది. దాని మూత ఇంతవరకు తీయలేదు. అయినా దాని రుచి ఎంతటిదో, రై బదులు గోధుమ వాడటం వల్ల వచ్చిన మెత్తదనం ఎలాంటిదో, ఇవాళ అమ్మితే ఎన్ని వేల డాలర్లు పలుకుతుందో తమరు గంటసేపు అనర్గళంగా వివరించారు. చుక్క ముట్టకుండా తీర్పు చెప్పడం న్యాయమూర్తులకు కూడా సాధ్యం కాని నిష్పాక్షికత. విమానంలో వచ్చే ఒక్కొక్కరికి సుంకం లేకుండా రెండు లీటర్లే అనుమతి అన్న నియమాన్నీ తమరు తు.చ. తప్పక పాటించారు. మనవణ్ణి చూసుకుని తిరిగొస్తున్న అమ్మ సంచిలోనూ రెండు లీటర్లే సర్దారు. రాఘవేంద్రస్వామి భక్తురాలైన ఆ తల్లి, ఉల్లిపాయ కూడా ముట్టని ఆ తల్లి, గాజుసామాను పగలకూడదని సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. మాతృప్రేమకు ఇంతటి పాత్రత కల్పించిన కొడుకును కన్న కడుపు చల్లగా ఉండాలి.

2025 ఫిబ్రవరిలో మన దేశం బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించినప్పుడు, తమరు డల్లాస్ నుంచి ఫోన్ చేసి మరీ ఊరికి శుభాకాంక్షలు చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో పత్తి మీది 11 శాతం సుంకాన్ని పూర్తిగా ఎత్తేశారు, ఆ మినహాయింపును డిసెంబరు దాకా పొడిగించారు. ఆదోని యార్డుకు పత్తి బండ్లు వచ్చే రోజులవి. ధర ఏమైపోతుందోనని గొణుక్కున్న రైతులకు, వ్యాపారం స్వేచ్ఛగా సాగితేనే నాణ్యత పెరుగుతుందని తమరు బోధించారు. ఒకే సూత్రాన్ని సీసాకూ పత్తి బోరెకూ సమంగా వర్తింపజేసిన సమదర్శి. తేడా అల్లా, ఒకటి తమరు కొనేది, రెండోది మేమమ్మేది.

తమ ధర్మాగ్రహం మాత్రం అసలైన అలంకారం. తమ పొలంలో జీతమున్న మనిషి పొద్దుగూకాక చేనిగట్టు మీద కూర్చుని, బ్రాందీ షాపులో తెచ్చుకున్న 99 రూపాయల క్వార్టరును నీళ్ల ప్యాకెట్టుతో కలిపి ఒక్క గుక్కలో ముగించడం తమ కంటబడింది. ఆ బాధ వర్ణనాతీతం. అది విస్కీయే కాదనీ, చెరకు మడ్డితో చేసిన స్పిరిట్టుకు రంగు వేసినదనీ, యూరప్ దేశాలు దాన్ని ఆ పేరుతో అమ్మనివ్వవనీ చెప్పారు. అంతా నిజమే. తాగే పద్ధతి తెలియదురా నీకు, నాలుక మీద నిలపాలి, గొంతులోకి తోసెయ్యకూడదు అన్నారు. పన్నెండు గంటలు మందు పిచికారీ చేసి వచ్చిన నాలుక మీద ఏ రుచి నిలుస్తుందో తమకంటే బాగా చెప్పగలవారెవరు? తాగుడు వల్ల పేదల కొంపలు కూలుతున్నాయని ఆ రాత్రి మిద్దె మీద తమరు చేసిన ప్రసంగం, మూడో గ్లాసు దగ్గర మొదలై అయిదో గ్లాసుకు పతాకస్థాయికి చేరింది. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1993 అక్టోబరులో సారా ఆగిందనీ, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమే వచ్చిందనీ గుర్తుచేసి, మన ఊరి ఆడవాళ్లలో ఆ పౌరుషం ఏదని గద్దించారు. కింద వంటింట్లో తమ ఇల్లాలు జొన్నరొట్టెల మీద గిన్నె బోర్లించి, గోడకానుకుని, తమరు దిగివచ్చే వేళ కోసం కూర్చునే ఉంది. ఆమెకు ఆ ప్రసంగం స్పష్టంగానే వినిపించి ఉంటుంది.

చట్టం పట్ల తమ గౌరవానికీ సాక్ష్యముంది. 2019 అక్టోబరు నుంచి అయిదేళ్ల పాటు ప్రభుత్వమే దుకాణాలు నడిపి, ధర పెంచి, ఉన్న బ్రాండునే తాగమన్న రోజుల్లో, మా వాళ్లు ఏటి అవతల తెలంగాణ నుంచో, పడమట కర్ణాటక నుంచో సీసాలూ టెట్రా ప్యాకెట్లూ తెచ్చుకుని పంచలింగాల వంటి సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర దొరికిపోయేవారు. సుగ్గికి వలసపోయి వచ్చినవాడి మూటలో రెండు ప్యాకెట్లు దొరికినా కేసే. పట్టుకున్న సీసాలను కర్నూలులో వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. ఆ వీడియో చూసి తమరు కన్నీరు పెట్టుకున్నారు. కేసులైనవాళ్ల కోసం కాబోలని మేం పొరబడ్డాం. నలిగిన సీసాల్లో ఒకదాని మెడ వంపును బట్టి అది మంచి సరుకని తమరు గుర్తుపట్టారట. వాళ్లకు బెయిలు దొరికిందో లేదో అడగకుండా సీసా జాతిని అడిగిన ఆ ఏకాగ్రతే కళాహృదయం.

ఖాళీ సీసాల విషయంలోనూ తమ శ్రద్ధను స్మరించుకోవాలి. జీతమున్న మనిషి కూతురు, ఆరో తరగతి పిల్ల, మిద్దె మీద దొరికిన ఒక అందమైన సీసాలో నీళ్లు పోసి మనీప్లాంటు తీగ పెట్టుకుంది. ఖాళీ సీసాలకూ అమెరికాలో ధర ఉంటుందని తమరు ఓపికగా వివరించి, తీగ పీకించి, కడిగించి, పాత పేపరులో చుట్టి పెట్టెలో సర్దించారు. పిల్లకు వస్తువు విలువ తెలిసింది.

ఈ సందర్భంగా తమకు 'రసనాధర్మరక్షక' బిరుదును ప్రదానం చేస్తూ చిన్న విషయం మనవి చేసుకుంటున్నాం. ఆ పిల్ల తండ్రికి ఉగాదికి ముట్టాల్సిన ఏడాది జీతం తమ దగ్గరే భద్రంగా ఉంది. దాని మీదా ఒక ఉగాది వెళ్లిపోయింది. నిలవ ఉన్నకొద్దీ విలువ పెరుగుతుందన్న తమ సిద్ధాంతం ఆయనకు మేం నచ్చజెప్పాం. 1897 నాటి బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం ప్రకారం తాళం వేసిన గోదాములో నాలుగేళ్లు ఉంటే గానీ సరుకు ఆ పేరుతో బయటికి రాకూడదని తమరే చెప్పారు. ఆ లెక్కన ఇంకా గడువుంది. తమరు తొందరపడవద్దు.