పూత విచ్చితే నాకు సెలవు

నేను తైవాన్ పంపును. 20 లీటర్ల ట్యాంకు, తాడు లాగితే అందుకునే ఇంజను, కొమ్మల్లోకి మంచులా మందు చల్లే గన్ను నా ఆస్తి. కొల్లాపూర్ దగ్గర ఒక బేనిషాన్ మామిడి తోటలో, మోటారు గదిలో మేకుకు వేలాడుతుంటాను.

డిసెంబరు చలి ముదిరితే పెద్దాయనకు నిద్ర పట్టదు. తెల్లవారకముందే కొమ్మలు వంచి చివర్లు తడుముతాడు. మొగ్గ ఉబ్బినంత మాత్రాన నమ్మకం లేదు. రాత్రిళ్లు చలి నిలిస్తే పూత వస్తుంది. మబ్బు పట్టి వెచ్చబడితే చాలావరకు చిగురే. అందుకే ఆ రోజుల్లో తోటంతా ఊపిరి బిగబట్టినట్టుంటుంది. ఒక పొద్దున కేక వినిపిస్తుంది.

"బిడ్డా, పూత పడ్డది, దా!"

"యాడ నాయినా?"

లేత ఎర్రటి కాడ, దాని మీద ఆవగింజల్లాంటి మొగ్గలు. కోయిల కూతకన్నా ముందే, ఉగాది ఇంకా నెలల దూరంలో ఉండగానే, నాకు వసంతం ఆ కాడలో కనిపిస్తుంది.

అప్పుడు నా పని. మొగ్గలు విచ్చకముందే బూడిద తెగులుకు నీళ్లలో కరిగే గంధకం కొట్టాలి. తేనెమంచు పురుగు చేరిందేమో చూసుకోవాలి. అది రసం పీల్చి జిగురు వదిలితే ఆకుల మీద మసి కమ్ముతుంది. మొగ్గలు విచ్చాక మాత్రం నన్ను ముట్టకూడదు.

ఈ మాట నష్టపోయి నేర్చుకున్నాం. నేను కొత్తగా వచ్చిన ఏడు, మందుల దుకాణంలో ఎవరో నిండు పూత మీదే కొట్టమన్నారు. రోజంతా గర్జించాను. సాయంత్రానికి తోటలో ఈగల మోత ఆగిపోయింది. కొన్నాళ్లకు గెలల కొసన ద్రాక్షగుత్తుల్లా పిందెలు గుంపుకట్టాయి. పెద్దాయన మురిసిపోయాడు. గోలీలంత అయ్యేసరికి అన్నీ పసుపెక్కి రాలాయి. ఒక్కో గెలలో వెయ్యికి పైగా పూలుంటాయి. వాటిలో చాలా మగవి. ద్విలింగ పూలకే కాయ పడుతుంది, అదీ పుప్పొడి అందితేనే. దాన్ని మోసుకొచ్చే ఈగలను, తేనెటీగలను నా గొట్టంతోనే తరిమేశాను. కింద రాలిన ఆ పిందెలను పెద్దాయన ఊడ్చి తట్టకెత్తుతుంటే చూడలేకపోయాను.

మొన్న ఇంగ్లండులో ఉన్న మనవరాలు ఫొటో పంపింది. ఆకులింకా రాని హేజెల్ చెట్టుకు పసుపు కుచ్చులు వేలాడుతున్నాయి. అక్కడ వసంతానికి అదే తొలి కబురట.

"వీటికి ఈగలు అక్కరలేదు తాతా, గాలే పుప్పొడి మోస్తది," అంది ఫోనులో.

"మనకు అట్ల కాదు బిడ్డా," అంటూ ఆయన లేచివచ్చి నన్ను కడిగి, గన్ను మూతికి గుడ్డ చుట్టి, మేకుకు తగిలించాడు.

ఇప్పుడు తోట నిండా పూతవాసన. తలుపు సందులోంచి మోత వినిపిస్తోంది. ఒక ఈగ లోపలికొచ్చి ఆ గుడ్డ మీద వాలింది. కాళ్లకు పుప్పొడి అంటుకుని ఉంది.