పాతరలో లేని తడి

మా అపార్ట్‌మెంటు సెల్లార్లో ఉత్తరపు గోడకు నాలుగేళ్ళలో మూడుసార్లు వాటర్‌ప్రూఫ్ రంగు వేశారు. మూడుసార్లూ ఒక్క వానాకాలం దాటకముందే అది ఉల్లిపొరలా లేచి, వేలు తగిలితే రాలిపోయింది. రంగు కింద తెల్లగా ఉప్పు. నిరుడు జూన్‌లో నాలుగోసారికి డబ్బాలు దింపుతున్న కుర్రాణ్ణి మెట్ల దగ్గర నిలబడి ఒకటే మాట అడిగాను. "బాబూ, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?" ఆ కుర్రాడు నా వంక చూసి, "గోడలోంచి అంకుల్" అన్నాడు.

గోడలో నీళ్ళు పుట్టవు. ఎక్కడో పుట్టి, ఏదో దారి పట్టి, అక్కడ బయటపడతాయి. ఆ పుట్టుక, ఆ దారి కనుక్కోకుండా బయటపడిన చోట పూత పూస్తానన్న మనిషికి మా రోజుల్లో ఎవరూ పని ఇచ్చేవాళ్ళు కాదు. మా మాటల్లోనే ఆ విచారణ ఉండేది. గాలిలో తేమ చల్లటి గోడకు తగిలి బొట్లు కడితే గోడ చెమర్చింది అనేవాళ్ళం. పునాదిలోంచి తడి పైకి పాకితే నెమ్ము ఎక్కింది అనేవాళ్ళం. భూమిలో నీరు సన్నగా పుట్టుకొస్తే ఊట. పగులులోంచో పైపులోంచో వస్తే కారుతోంది. ప్రతి మాటకూ దాని వైద్యం వేరే. ఇప్పుడు అన్నిటికీ కలిపి లీకేజీ అని ఒకటే మాట, అన్నిటికీ అదే డబ్బా.

మాది కర్నూలు జిల్లాలో మెట్ట ఊరు. మా ఇంటి ముందర జొన్నల పాతర ఉండేది. సెల్లారనే మాట వినని కాలంలో మావాళ్ళు భూమిలో తవ్వుకున్న గది అదే. మనిషి నిలువుకు మించిన లోతు, ఒక మనిషి దిగేంత మూతి, లోపలికి పోయేకొద్దీ వెడల్పు. జొన్నలు పోసి మూస్తే రెండు మూడేళ్ళయినా చెక్కుచెదరకుండా ఉండాలి. ఒక్క మూల తడి తగిలినా గింజ ముక్కిపోయి ఏడాది తిండి పాడవుతుంది. అందుకని తవ్వడం కంటే చోటు ఎంచడమే పెద్ద పనిగా ఉండేది. బావులు నిండుగా ఉన్న నెలలోనే మా తాత చోటు చూసేవాడు. మిట్ట మీద గరుసు నేలలో నిలువు లోతు గుంత తీయించి, పైన తడిక కప్పి, వారం రోజులు వదిలేసేవాడు. రోజూ పొద్దున్నే దిగి, గోడలకు అరచెయ్యి ఆనించి చూసేవాడు. చెమ్మ తగిలిందంటే ఆ గుంత పూడ్చి ఇంకో చోట తవ్వించేవాడు. కూలి దండగయిందని ఇంట్లో ఎవరూ అన్న గుర్తు లేదు. చోటు కుదిరాక లోపల మంట వేసి గోడలు కాల్చి, అడుగునా చుట్టూ ఎండుగడ్డి మందంగా పేర్చి, జొన్నలు పోసి, మూతికి బండ వేసి మట్టి మెత్తేవాళ్ళు. తీసేటప్పుడూ తొందరపడేవాళ్ళు కాదు. బండ జరిపి, లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి, దీపం దించి, అది ఆరకపోతేనే మనిషి దిగేవాడు.

"ఎండాకాలంలో చూస్తే ఏ నేలయినా పొడిగానే ఉంటుందిరా" అనేవాడు తాత. ఇవాళ సెల్లార్లకు మట్టి పరీక్ష ఏ నెలలో చేయిస్తున్నారో అడిగి చూడండి. నాకు తెలిసిన సైట్లలో చాలావాటికి ఏప్రిల్, మే నెలల్లోనే చేయించారు, వానలు రాకముందే గుంత తీసేయాలన్న ఆత్రంతో. నీరు తగల్లేదని కాగితం వస్తుంది. ఆగస్టులో అదే గుంతకు రాత్రీ పగలూ మోటార్లు పెట్టి తోడతారు.

మా ఇంటి పైకప్పు చౌడు మిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెపుల్లలు, మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడు నేలలో పంట రాదు, ఎందుకంటే నీళ్ళు ఇంకవు. అందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకరేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. పొలాన్ని చెరిచే ఆ గుణాన్నే మావాళ్ళు తెచ్చి ఇంటి నెత్తిన కాపలా పెట్టారు. ఇప్పుడు సెల్లారు గోడల బయటివైపు బెంటొనైట్ పరుపులు బిగించే పద్ధతి ఒకటుంది. అదీ తడికి ఉబ్బి సందు మూసే మట్టే. ఏటా తొలకరికి ముందు బండ్లతో చౌడు తోలుకొచ్చి మిద్దె మీద పరవడం నడుములు విరిగే పని. పరవని ఏడు ఇల్లు కురిసేది, గిన్నెలు పెట్టుకుని రాత్రంతా మేలుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. కానీ మా నాయన తెల్లారేదాకా ఆగేవాడు కాదు. గోనెసంచి నెత్తిన వేసుకుని ఆ వానలోనే మిద్దె ఎక్కేవాడు. నీళ్ళు నడుస్తున్నప్పుడే వాటి దారి కనిపిస్తుంది, ఆగాక వెతికితే ఏం దొరుకుతుంది అనేవాడు.

1979లో హైదరాబాదు వచ్చి సైటు సూపర్‌వైజరుగా చేరాను. అప్పటికి మామూలు ఇళ్ళకు సెల్లార్లు అరుదు. ఇప్పుడు నాలుగు వందల గజాల స్థలంలో కూడా కారు నిలపడానికని భూమిలోకి దిగుతున్నారు. దిగే నేల ఎలాంటిదో చూడాలి కదా. ఈ నగరం కింద ఉన్నది గ్రానైటు. పైన కొన్ని అడుగుల మొరం, దాని కింద షీట్ రాక్. వాన నీరు మొరంలోకి దిగుతుంది, రాయి దిగనివ్వదు, దాంతో రాతి వీపు మీదుగా పల్లానికి జారుతుంది. ఆ దారికి అడ్డంగా రాయిని పగలగొట్టి సెల్లారు కడితే రాతి తొట్టిలో పెట్టె దించినట్టే. రాతికీ గోడకీ మధ్య నిండిన నీటికి పోయే దారి లేదు. మీటరు లోతు నిలిచిన నీరు ఆ అడుగున చదరపు మీటరుకు టన్ను బరువుతో గోడను తోస్తుంది. మూడు మీటర్ల లోతున మూడు టన్నులు. ఇక పల్లపు కాలనీల సంగతి చెప్పనక్కర్లేదు. నల్లకుంట, మాసబ్ ట్యాంక్ అని పేర్లలోనే నీళ్ళున్నాయి, మనమే వినిపించుకోం.

అంత తోపుడును లోపలివైపు వేసిన రంగుపొర ఎలా ఆపుతుంది? నీరు వెనకనుంచి నెడుతుంటే పొర ఊడి చేతికొస్తుంది. మా మేస్త్రీలు బయటినుంచి కాపు కట్టేవాళ్ళు. సెల్లారు అడుగు కాంక్రీటు పలక, అంటే రాఫ్టు, పోయకముందే దాని కింద షాబాదు బండలు పరిచేవాళ్ళు. గోడ లేచాక బయటి ముఖానికి అంగుళం సందు వదిలి బండలు నిలబెట్టి, ఆ సందులో సిమెంటు పాలు పోసేవాళ్ళు. రాఫ్టూ గోడా కలిసే కీలు దగ్గర రాఫ్టు పోసేటప్పుడే నీరాపే పట్టీని సగం దాకా దించి నిలబెట్టి, తరువాత పాత కాంక్రీటు మీది పాలమీగడ లాంటి పొరను గీకి, కడిగి, అప్పుడే గోడ పోత. నేను చూసిన సెల్లార్లలో ఊట ఎక్కువగా ఆ కీలు దగ్గరే పుట్టింది. ఒక పూట మిగులుతుందని అక్కడ తొందరపడితే ఆ ఇంట్లోవాళ్ళు ముప్పై ఏళ్ళు తడి గోడను చూస్తూ బతకాలి.

నీళ్ళు పట్టడం గురించి చెప్పాలంటే నాకు నిజంగా కడుపు మండుతుంది. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం ఏడు రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే పది రోజులు తడిగా ఉంచాలని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456లోనే ఉంది. మేం గోడలకు గోనెపట్టాలు వేలాడదీసి రెండు వారాలు తడిపేవాళ్ళం. స్లాబుల మీద మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టేవాళ్ళం, ఎక్కడ బొట్టు పడుతుందో కింద నిలబడి చూసేవాళ్ళం. మా పక్క ప్లాటులో సెల్లారు గోడకు సెంట్రింగ్ విప్పిన మూడో రోజునే వెనక పూడ్చేశారు. దేంతో? ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు, పాలిథిన్ కవర్లు, చెక్క పేళ్ళు. మంచి మట్టి అడుగు మందం చొప్పున పోసి దిమ్మిసతో కొట్టాల్సిన చోట చెత్తను నింపితే అది స్పంజిలా నీళ్ళు పట్టి గోడకే ఆనించి ఉంచుతుంది. ఇళ్ళు కొనుక్కోబోయేవాళ్ళకు ఆ గోడ వెనక ఏముందో ఎవరు చెప్తారు?

మా సెల్లారు దగ్గరికి వస్తాను. రంగు పని ఒక నెల ఆపమని అసోసియేషన్ సెక్రటరీని బతిమాలాను. మంచి పిల్లవాడు, "సరే అంకుల్, ఒక్క నెల" అన్నాడు. ముందు గోడ తుడిచి, చపాతీలు చుట్టే ఫాయిలు కాగితం మూరెడు ముక్క అంటించి, నాలుగు అంచులూ టేపు వేశాను. రెండు రోజులకు తీసి చూస్తే గోడవైపు తడి, మన వైపు పొడి. మన వైపు బొట్లు కడితే గోడ చెమరుస్తోందని అర్థం, గాలి ఆడేట్టు చేస్తే చాలు. ఇక్కడ అది కాదు. తరువాత సంపు. మా సంపు సెల్లారు గోడను ఆనుకునే ఉంది. రాత్రి నింపించి, మోటారు కట్టేయించి, నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయించాను. మర్నాడు రాత్రి దాకా నీరు గీత దగ్గరే ఉంది, అంటే సంపు కారడం లేదు. బోరు నీళ్ళలో టీడీఎస్ తొమ్మిది వందలు దాటింది, గోడ దగ్గర పట్టిన నీళ్ళలో మూడు వందల లోపే. అంటే ఇది భూమి లోపలి ఊట ఒక్కటే కాదు, పలచటి నీరేదో కలుస్తోంది.

అప్పుడు వాన కోసం కాచుకున్నాను. జూలైలో ఒక సాయంత్రం గట్టిగా కురిసింది. కుర్చీ వేసుకుని ఆ గోడ ముందు కూర్చున్నాను. గంటన్నరలో గోడ నడిమికి తడి ఎక్కింది. రెండు రోజుల్లో పైన ఆరిపోయింది, అడుగున కీలు దగ్గర మాత్రం అలాగే ఉంది. భూమి ఊట అంత త్వరగా రాదు, వస్తే అంత త్వరగా పోదు. అంటే రెండు జబ్బులు. డాబా మీది వాన పైపులో మిఠాయి రంగు కలిపిన నీళ్ళు రెండు డ్రమ్ములు పోయించాను. ముప్పావుగంటకు గోడ మీద ఎర్రటి చార దిగింది. పార్కింగ్ టైల్స్ లేపి తవ్వితే రెండడుగుల కింద పైపు వంపు పగిలి ఉంది. నాలుగేళ్ళుగా డాబా మీద పడిన వానంతా తిన్నగా గోడ వెనకకే పోతోంది. పైపు మార్చి, నీళ్ళను వీధి కాలవకు తిప్పడానికి అయిన ఖర్చు రెండు వేల ఎనిమిది వందలు. మూడు రంగులకు అయినది లక్ష పైమాటే.

కీలు దగ్గరి ఊటకు మాత్రం కొత్త మందే వేయించాను, అది మంచి మందు. కీలుకు రెండు వైపులా ఏటవాలుగా, గోడ లోపల పగులుకు తగిలేట్టు రంధ్రాలు వేసి, నాజిల్స్ బిగించి, పాలియురెథేన్ ఎక్కించారు. నీళ్ళు తగలగానే అది నురగలా పొంగి సందులు నింపుతుంది. మా కాలంలో ఇది ఉంటే ఎన్ని గోడలు తవ్వకుండా మిగిలేవో. కానీ సందు ఎక్కడుందో చూపించాల్సింది మనిషే. గోడ పొడుగునా మూరకొకటి గుచ్చుకుంటూ పోయి బిల్లు వేసేవాళ్ళనూ చూశాను. గోడ పాదం పొడుగునా సన్నటి కాలవ తీయించి, మూలన చిన్న గుంత, దాంట్లో పంపు పెట్టించాను. వచ్చిన నీటికి పోయే దారి ఉండాలి.

2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. మా సెల్లార్లో మోకాటి లోతు. మా వాచ్‌మన్ చీకట్లో మోటారు స్విచ్చి వేయడానికి దిగబోతుంటే రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. మీటర్ల బోర్డు ఆ నీళ్ళ పక్కనే ఉంది. ఇంత జానెడు నీళ్ళున్నా సరే, మెయిన్ కట్టేయకుండా ఎవరినీ సెల్లార్లోకి దిగనివ్వకండి. పాతరలోకి దీపం దించి చూశాకే మనిషిని దించినవాళ్ళ మనవలం మనం. బోర్డును పై అంతస్తుకు ఎక్కించమని నేను రాసిచ్చిన కాగితం రెండేళ్ళు ఫైల్లో ఉండి, తరువాత పని అయింది.

ఇంకొకటి మిగిలింది, ఇంకుడు గుంత. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం రోజుల నుంచి దాని గురించి అందరికీ తెలుసు. ఇంకుడు గుంత ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మా దాన్ని సెల్లారు గోడకు నాలుగడుగుల దూరంలో, సరిగ్గా లిఫ్టు గుంత వెనక తవ్వారు. కింద షీట్ రాక్. ఆ నీరు ఇంకేదెక్కడికి, లిఫ్టు గుంతలోకే. దాన్ని ముందు వైపు మూలకు మార్చి, నడిమిన బోరు దించి, సెల్లారు అడుగు కంటే కిందికి నీళ్ళు పంపాలని సెక్రటరీకి బొమ్మ గీసి ఇచ్చాను. వచ్చే మీటింగులో పెడతానన్నాడు.

ఈ ఏడు తొలి వాన పడిన రాత్రి టార్చి తీసుకుని దిగాను. ఉత్తరపు గోడ పొడిగా ఉంది, చెయ్యి ఆనించి మూడు చోట్ల చూశాను. లిఫ్టు గుంత మూలన మాత్రం అరచెయ్యి వెడల్పున చెమ్మ. దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తారీఖు వేసి వచ్చాను.