ఆర్నెల్ల పెళ్లికూతురు

మే నెలలో కనిగిరి ఎండ గురించి కనిగిరి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ ఎండలో పామూరు రోడ్డున ఏ ఫంక్షన్ హాలు తలుపు తోసినా ఓ ఆర్నెల్ల పెళ్లికూతురు కనపడుతుంది. జరిగేది అన్నప్రాసన. పిల్ల ఒంటిమీద మాత్రం పట్టు పావడా, పావడా ఉబ్బి నిలబడటానికి కింద గరుకు నెట్టు, పైన జరీ జాకెట్టు, జాకెట్టు వెనక కుచ్చుల తాళ్లు, నడుముకి ఎలాస్టిక్ వడ్డాణం. తల మీద జుట్టింకా రాలేదు కాబట్టి బ్యాండుకి కుట్టిన సవరం, సవరానికి ప్లాస్టిక్ మల్లెపూలు.

పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. నిద్రొచ్చిందంటుంది మేనత్త. దిష్టి తగిలిందంటుంది అమ్మమ్మ. ఫొటోగ్రాఫరు గిలక్కాయ ఊపుతూనే ఉంటాడు. జాకెట్టు విప్పి వీపు మీద చెమటకాయలు చూడాలని ఒక్కరికీ తోచదు.

ఎందుకమ్మా ఇదంతా అంటే, ‘మన సంప్రదాయం కదా బాబాయ్’ అంటారు. మంచిదే. అయితే ఆ మాట అనే తల్లి ఒంటిమీద లాంగ్ ఫ్రాకు. తండ్రి జీన్స్ ప్యాంటు, టీషర్టు. పట్టుపంచె కట్టాల్సిన తాతగారు చొక్కా విప్పి బనీనుతో కూలరు ముందు కుర్చీ వేసుకున్నారు. అంతమందిలో తెలుగు సంప్రదాయాన్ని నిలబెట్టే భారం, ఇంకా సరిగ్గా కూర్చోవడం కూడా రాని పిల్ల మీద పడింది. నోరొచ్చిన వాళ్లెవరూ ఒప్పుకోలేదు మరి.

మన వైపు పురిటిబిడ్డకి కొత్తగుడ్డ తొడిగేవాళ్లు కాదు. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నేతచీర చింపి పొత్తిగుడ్డలు చేసేవాళ్లు. తర్వాత ముందువైపు ముడేసే నూలు జుబ్బా. పాకే వయసుకి మొలతాడు. కలిగిన ఇంట ఆడపిల్లకైతే దానికో వెండి సిగ్గుబిళ్ళ. ఎండాకాలం పల్లెటూళ్లో పసివాళ్ల పూర్తి ముస్తాబు అదే. పసిపిల్లలకి పెద్దవాళ్లంత బాగా చెమట పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. ఆ సంగతి ముసలమ్మలకి ఏ డాక్టరూ చెప్పకుండానే తెలుసు. అసలైన సంప్రదాయమే కావాలంటే మీ ఫొటోగ్రాఫరుకి మొలతాడు, సిగ్గుబిళ్ళ అని చెప్పి చూడండి. అడ్వాన్సు తిరిగిచ్చి పారిపోతాడు.

పట్టు పావడా మనది కాదని నేననను. ఐదారేళ్ల పిల్లకి పండగపూట కట్టేవాళ్లు, గుడికెళ్లొచ్చాక విప్పి మడతపెట్టేవాళ్లు. ఎదిగే పిల్ల అని కింద మడతలు వేసి కుట్టించి, ఏడాదికొకటి విప్పేవాళ్లు. అక్కకి పొట్టయితే చెల్లికి. ఇప్పటి సెట్టు రెండో పండగ చూడదు.

అసలు దాన్ని పట్టు అనడానికే గుండెధైర్యం కావాలి. అట్టపెట్టె మీద ప్యూర్ సౌత్ ఇండియన్ ట్రెడిషనల్ అని బంగారు అక్షరాలు, లోపలి చీటీ మీద చీమంత అక్షరాల్లో పాలిస్టర్. అసలు పట్టుకి 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది, మీ పిల్ల సెట్టు మీద వెతకండి. దొరక్కపోతే అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసనొస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి నల్లపూసవుతుంది. ఆ పూసే పిల్లకి దిష్టికి కట్టేయొచ్చు, అదొక ఖర్చు తప్పుతుంది. చుట్టూ పత్తి చేలు, ఒంగోలు దాటితే చీరాల మగ్గాలు, ఇంకాస్త వెళితే మంగళగిరి మగ్గాలు. మన పిల్ల ఒంటిమీదికి మాత్రం పెట్రోలియంలోంచి తీసిన గుడ్డ!

మగపిల్లాడి కథ ఇంతకన్నా పొట్టి. వెల్క్రో పంచె, దాని కింద డైపరు, నుదుట అతికించిన నామం. బాలకృష్ణుడు పాపం రెండు పొరల్లో ఉడుకుతుంటాడు.

తాళ్ల గురించి ఒక్క మాట. జారుడుబల్లలకి తాళ్లు చిక్కుకుని పిల్లల గొంతులు బిగుసుకుంటున్నాయని, అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం 1996లోనే పిల్లల పైకోట్లకి మెడ దగ్గర తాళ్లు వద్దని చెప్పింది. మనం తాళ్లు పెట్టి, చివర గంటలు కూడా కడుతున్నాం. అవి పిల్ల నోట్లోకే వెళ్తాయని వేరే చెప్పాలా?

పిల్లతల్లులకి నా మనవి ఒకటే. మెత్తటి నూలుగుడ్డ ఒక మీటరు కొని మీ వీధి టైలరుకివ్వండి. నెట్టు వద్దు, తాళ్లు వద్దు, జాకెట్టు లోపల జరీ గుచ్చుకోకుండా అస్తరు వేయమనండి. పట్టు సెట్టు ఇప్పటికే కొనేసుంటే రెండు ఫొటోలు దిగి అక్కడే విప్పేయండి. సంప్రదాయం మీద అంత ప్రేముంటే, ఆ రోజు సాయంత్రందాకా తాతగారి చేత పట్టుపంచె కట్టించండి, కూలరు ఆపేసి.