మెడ పట్టిన పెద్దమనిషి

ప్రతి ఊరికీ ఒక మెడ పట్టినాయన ఉంటాడు. మా వైపు ఆయన మూడూళ్లకూ కలిపి ఒక్కడే. గద్వాలలో మగ్గాల దగ్గర చీరలు తీసుకుని వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు వేస్తుంటాడు కాబట్టి చీరతో పాటు మెడ కూడా మూడు జిల్లాలూ తిరుగుతుంది.

"అన్నా" అని వెనక నుంచి పిలిస్తే తల తిప్పడు, మనిషే తిరుగుతాడు. ముందు చెప్పులు తిరుగుతాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాత భుజాలు, ఆఖరున మొహం. తెలియనివాళ్లు "ఏందప్పా, టికెట్టు గిట్ట వచ్చిందా ఈయనకు, ఇంత పొగరు" అనుకుంటారు. తెలిసినవాళ్లు పాపం మర్యాదకి "మెడ ఎట్లుంది" అని అడిగి అరగంట పోగొట్టుకుంటారు.

"జిల్లాలు చీలిన దసరాకు పట్టింది" అంటాడు. 2016 అక్టోబరు 11న పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఈ మూడు జిల్లాలూ వేరుపడ్డాయి. అందరికీ కలెక్టరాఫీసు దగ్గరైంది, ఈయనకు మెడ దూరమైంది. అంతకుముందు ఏ రోగమొచ్చినా మహబూబ్‌నగర్ పోయి ఒక్క మాట విని వచ్చేవాడు. ఇప్పుడు మూడు జిల్లా కేంద్రాల్లో మూడు మాటలు వింటున్నాడు.

మొదటి వైద్యం ఇంట్లోనే జరిగింది. తప్పు దిండుదేనని ఆయన భార్య తేల్చేసి, దాన్ని మిద్దె మీద ఎండలో పడేసింది. దిండు బాగుపడింది. తర్వాత రాళ్ల ఉప్పు పెంకు మీద వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టారు. అది నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ హాయి అనిపించగానే ఆయనకు అనుమానం, ఇంత చవకది పనిచేస్తుందా అని. వావిలాకు అయింది, ఆముదం అయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం కూడా అయింది. దానివల్ల ఆయన చొక్కాల కాలర్లన్నీ పసుపెక్కాయి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకుంటే పట్టు వదులుతుందని ఒక నమ్మకం ఉంది కదా. అది నడుముకు. ఈయన ఒప్పుకోడు. "ఎముక ఒకటే గదా, ఆ కొస నడుము, ఈ కొస మెడ" అని వాదించి, పక్క వీధిలో అట్లా పుట్టిన పిల్లవాణ్ని పిలిపించి, చాక్లెట్ ఇచ్చి తన్నించుకున్నాడు. మెడ వదల్లేదు. పిల్లవాడు కూడా వదల్లేదు, ఈయన కనిపిస్తే చాలు, చెప్పు విప్పి కాలు లేపుతాడు.

కటింగు షాపులో తల పట్టి టక్కుమనిపించుకోవడం మాత్రం నవ్వే విషయం కాదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాల్లో కొన్ని మెడపూసల్లోంచే పోతాయి. తటాలున మెలితిప్పితే అవి చినిగే ప్రమాదం ఉంది. చెప్తే వింటాడా? "టక్కుమనకపోతే పైసలు దండగైనట్టుంటది" అంటాడు.

2022 నవంబరులో వనపర్తికీ, నాగర్‌కర్నూల్‌కూ సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకనాడు వాటిలో ఒకదాని పెద్దాస్పత్రికి పోయాడు. డాక్టరు మెడ నొక్కి చూసి, చేతుల్లో తిమ్మిరి ఉందా అని అడిగి, కండరం బిగిసింది అంతే అన్నాడు. వేడి కాపడం పెట్టు, ఫోన్ కళ్ల ఎత్తుకు పట్టుకో, అరగంటకోసారి లేచి నడువు, మెడ మెల్లగా అటూ ఇటూ తిప్పు అని చెప్పి పంపించాడు. ఈయనకు తల కొట్టేసినట్టయింది. "స్కానింగు లేదు, సూది లేదు! ఇంతదూరం పోయింది నడువమని చెప్పించుకోనీకా?"

ఆ డాక్టరు చెప్పినదాంట్లో ఒక లెక్క మాత్రం ఆయనకు నచ్చింది. మన తల బరువు ఐదు కిలోల దాకా ఉంటుంది. దాన్ని అరవై డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలని 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే అమెరికా వెన్నెముక సర్జన్ లెక్కగట్టాడు. బస్టాండు హోటల్లో టీ తాగే ప్రతివాడికీ ఈ సంగతి ఫోన్లో చూపిస్తాడు. చూపించేటప్పుడు తల సరిగ్గా ఆ అరవై డిగ్రీలే వంచుతాడు.

బస్సులో మెడకు పట్టీ వేసుకుంటాడు, సీటు దొరుకుతుందని. బీచుపల్లి రాగానే అందరూ ఆంజనేయస్వామి వైపు తల తిప్పి దండం పెడితే ఈయన నడుం దాకా తిరుగుతాడు, పక్కవాడి పక్కటెముకలో మోచేయి దిగుతుంది. పెండ్లి భోజనాల దగ్గర ఆ పట్టీ జేబులోకి పోతుంది.

గద్వాలలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, చీర నూలు ఒంటికి పట్టు అంచు కలుపుతూ పొద్దంతా తల వంచి కూర్చునే ఒకామె దగ్గర తన మెడ పురాణం విప్పాడు. ఆమె అంచు మీద నుంచి కన్ను తీయకుండా అంది: "మాకూ పడ్తది లేన్నా. లేచి నాలుగడుగులు ఏస్తం, మళ్ల కూసుంటం." డాక్టరు మాటే ఇది. ఆయన జేబులో వైద్యాల చిట్టా పుస్తకం ఒకటి ఉంటుంది, అందులో ఈ మాట ఎక్కలేదు. మందు లేని వైద్యం ఆయన రాసుకోడు.

నాకేమనిపిస్తుందంటే, మెడ వదిలితే ఆయన్ని పలకరించేవాళ్లు సగం తగ్గిపోతారు. అది ఆయనకూ తెలుసు.

మీకెక్కడైనా ఎదురైతే దయచేసి కొత్త వైద్యం చెప్పకండి, రాసుకుంటాడు. చేయి తిమ్మిరెక్కుతోందా, పట్టు తప్పుతోందా, జ్వరం, తలనొప్పి ఉన్నాయా అని అడగండి. ఉన్నాయంటే ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోండి. లేవంటే చేతిలో ఫోన్ లాక్కొని కాస్త దూరం నడిపించండి. నడిచినంతసేపూ మెడ సంగతే చెప్తాడు, జర ఓర్చుకోండి.