మూడు స్టార్ల చదువు

ఇంటర్ గైడు ఏదైనా తెరవండి. ప్రశ్న పక్కన ఒక స్టార్ ఉంటే ఇంపార్టెంట్, రెండుంటే వెరీ ఇంపార్టెంట్, మూడుంటే మోస్ట్ ఇంపార్టెంట్. ఏ స్టారూ లేని ప్రశ్న కావాలంటే భూతద్దం పట్టుకుని వెతకాలి. పుస్తకమంతా చదవాల్సిందే అని ముఖం మీద చెబితే గైడు ఎవరు కొంటారు?

ముఖ్యమని ఎలా తేల్చారంటారా? ప్రశ్న చివర మార్చి 17, మే 18 అంటూ దాని జాతకం అచ్చేసి ఉంటుంది. ఇన్నిసార్లు వచ్చింది కాబట్టి ఈసారీ వస్తుందట. కింది ప్రశ్నకు ఒక్క తేదీ కూడా లేదు. ఇన్నేళ్లుగా రాలేదు కాబట్టి ఈసారి వచ్చి తీరుతుందట! పంచాంగం రాసేవాళ్లు కూడా ఇంత ధైర్యం చేయరు.

ఈ వ్యాపారానికి పెట్టుబడి ఛాయిస్. ఇంటర్ ఫిజిక్స్ థియరీ 60 మార్కులకు ఏళ్లుగా నడిచిన లెక్క చూడండి: 8 మార్కుల ప్రశ్నలు 3 ఇస్తే 2 రాయాలి, 4 మార్కులవి 8 ఇస్తే 6. పిల్లలకు కాస్త ఊపిరాడాలని ఇచ్చిన వెసులుబాటు అది. మన కాలేజీలు దాన్ని పాఠాలు ఎగ్గొట్టే లైసెన్సుగా మార్చుకున్నాయి. 'ఆ చాప్టర్ ఛాయిస్‌లో వదిలేయండి' అన్న మాట జూన్‌లోనే మొదలవుతుంది.

మూడు స్టార్ల ముద్దుబిడ్డ న్యూక్లియర్ రియాక్టర్. బొమ్మ గీసి, భారజలం మోడరేటర్, కాడ్మియం కడ్డీలు కంట్రోల్ రాడ్స్ అని పిల్లలు నిద్రలో లేపినా అప్పజెబుతారు. "అసలు న్యూట్రాన్ల వేగం ఎందుకు తగ్గించాలి సార్?" అని ఎవరైనా అడిగారో, "అది ఇంపార్టెంట్ కాదమ్మా, ముందు ఫిగర్ వేసుకో" అని జవాబు. నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్‌కే యురేనియం-235 తేలిగ్గా చీలుతుంది. ఆ ఒక్క సంగతి తెలియకపోతే ఆ ఫిగరంతా ఉత్త గీతలు. దానికి మాత్రం స్టార్ లేదు.

ఇక పరీక్ష నాడు, స్టార్ లేని ప్రశ్న ఒకటి పేపర్లో కనబడిందనుకోండి, గేటు బయట గగ్గోలే. సిలబస్‌లో ఉంది, టెక్స్ట్‌బుక్‌లో ఉంది, అయినా "ఇంపార్టెంట్ కానిది ఎలా ఇస్తారు? మార్కులు కలపాల్సిందే" అని తల్లిదండ్రుల పట్టు. లెక్చరర్ గారు నింపాదిగా అంటారు: "నేను రెండు స్టార్లు పెట్టుకోమనే చెప్పానండీ, మీవాడే క్లాసులో వినలేదు."