మూయని డాలరు

వారం రోజులుగా ఒక భిన్నం నన్ను నిద్రపోనివ్వడం లేదు. పెద్ద భిన్నమేమీ కాదు, ఒకటి బై రెండు. మదనపల్లెలో 30 ఏళ్లు బోర్డు మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి, పైన ఒకటి, కింద రెండు రాసి పారేసినవాణ్ణి. రిటైరయ్యాక బుద్ధి గడ్డి తిని ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. అక్కడ గీత గీయకూడదు, గీత గీయమని రాసి చెప్పాలి. ముందు వెనక్కి వాలిన గీత, తర్వాత ఇంగ్లీషులో ‘ఫ్రాక్’, ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి ఒకటి, మూసి, మళ్లీ తెరిచి రెండు, మళ్లీ మూత. దీన్ని లేటెక్ అంటారు. చివర ఎక్స్ ఉందిగదా అంటే, అది ఎక్స్ కాదట, గ్రీకు అక్షరమట. మొదటి రోజే అర్థం కావలసింది నాకు.

నేను టైపు చేసేది ఫోన్లో. వెనక్కి వాలిన గీత కోసం అంకెల పేజీకి పోయి, అక్కడ దిగి ఇంకో పేజీ ఎక్కాలి. మదనపల్లెలో ఎక్కి, పుంగనూరు దాటి, పలమనేరులో బస్సు మారి కుప్పం పోయినట్టు. ఇంతా పోయి, బ్రాకెట్ మరిచి ఎక్స్ నెత్తిన 10 ఎక్కించబోతే ఒకటి మాత్రమే ఎక్కింది. సున్నా కిందే నిలబడిపోయింది, ఫుట్‌బోర్డు దొరకని ప్యాసింజరులాగా.

ఇదంతా ఒక ఎత్తు, డాలరు ఒక ఎత్తు. లెక్క ఎక్కడ రాసినా ముందొక డాలరు గుర్తు, వెనకొక డాలరు గుర్తు పెట్టాలి. నాకు తెలీక పెట్టలేదు. ‘డాలరు తప్పిపోయింది, పెట్టాను’ అని ఎర్రక్షరాల్లో వచ్చింది. కుప్పంలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పే నా పాత శిష్యుడికి ఫోన్ చేశాను.

“డాలర్ పెట్టండి సార్.”

“ఎన్ని?”

“రెండు సార్. లెక్క విడిగా లైను మధ్యలో రావాలంటే నాలుగు.”

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. “ఏమండీ, ఎవరికి కట్టాల? నాలుగు డాలర్లంటే ఎంతయితుంది?” పక్కింటావిడ కొడుకు డాలస్‌లో ఉన్నాడు కాబట్టి రేటు కనుక్కోవడం కష్టం కాలేదు. సాయంత్రానికి వీధిలో నేను అమెరికాకు డబ్బు పంపుతున్నానన్న మాట పాకింది. ఈ ఊళ్లో డాలరు వచ్చే వార్త ఉంటుంది గానీ పోయే వార్త ఉండదు. అందుకే నలుగురూ పరామర్శకు వచ్చారు. ఒకాయన టమోటా మండీలో వ్యాపారి. 2023లో కిలో 200 దాకా పోయినప్పుడు కూడా తాను ఇంత ధైర్యం చేయలేదన్నాడు. వచ్చినవాళ్లకు కాఫీలు ఇచ్చి, ఇది ఉత్త గుర్తు, డబ్బు కాదు అని చెప్పేసరికి నా గొంతు పోయింది. అందరూ వెళ్లాక చూస్తే, తెరిచిన డాలరు మూయలేదు. కింది ఇంగ్లీషు వాక్యమంతా పక్కకు వాలిపోయి, మాటల మధ్య ఖాళీలు మాయమై, పండగ నాటి బస్సులా కిక్కిరిసి ఉంది.

దీనికంతటికీ మూలం డోనాల్డ్ క్నూత్ అనే అమెరికా పెద్దాయన. 1977లో తన పుస్తకం కొత్త ప్రూఫులు చూసుకొని, లెక్కలు అంత వికారంగా అచ్చయ్యాయని ఒళ్లు మండి, సొంతంగా టెక్ అనే ఏర్పాటు కనిపెట్టడానికి కూర్చున్నాడు. ఒక సెలవు ఏడాదిలో తేలిపోతుందనుకున్న పని పదేళ్ల పైన పట్టింది. దాని మీద లెస్లీ లాంపోర్ట్ కట్టిన మేడ లేటెక్. డాలరే ఎందుకంటే, లెక్కలు అచ్చు వేయడం ఖరీదైన పని కదా అని క్నూత్ చమత్కారం. మా వీధి దాన్ని నిజంగానే తీసుకుంది. మన పావులూరి మల్లన 11వ శతాబ్దం ప్రాంతంలో లెక్కల్ని పద్యాల్లో పెట్టాడు. ఆయనకు యతి ప్రాసల బాధ ఉండేది గానీ, డాలర్ల బాధ లేదు.

ఇంతవరకు నా గొడవే. మొన్న పుంగనూరు పోయాను. మా చెల్లెలి మనవరాలు ఇంటర్ చదువుతూ, వాళ్లమ్మ ఫోన్లో ఏదో లెక్కల కోర్సు చేస్తోంది. “తాతా, నాకు లెక్కలు రావు” అంది. ఏదీ చూపించమంటే మండీ చీటీ వెనకాల చేసిన లెక్క చూపింది. అడుగు అడుగూ సరిగ్గా ఉంది. జవాబు ఎక్స్ ఘాతం 12. ఫోన్లో మాత్రం ఒకటి పైకెక్కి, రెండు కింద నిలబడి ఉంది. మెషీను సున్నా వేసింది. నా సున్నా కింద నిలబడ్డప్పుడు నేను మెషీన్ని తిట్టాను. ఈ పిల్ల తనను తాను తిట్టుకుంది.

నేనూ భిన్నం గీత వంకర పోయిందని అర మార్కు కోసినవాణ్ణే. ఆ పిల్లలు ఇంటికెళ్లి తమ గురించి ఏమనుకున్నారో అప్పుడు అడగలేదు.

కోర్సులు తయారుచేసే అయ్యలారా, కాగితం మీద చేసిన లెక్కను ఫోటో తీసి పెట్టే చోటు ఒకటి ఇవ్వండి. బ్రాకెట్ మర్చిపోతే అర మార్కు కోయండి. అంతకు మించి కోయొద్దు.